అన్ని టీవీలకూ పట్టే కేబుల్

అమ్మకి నమస్కారాలు.

ఇక్కడ నేనూ, నీ అల్లుడూ, పిల్లా కులాసాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ నీ మోకాళ్లూ పోట్లాడుకోకుండా ఉన్నారని తలుస్తాను.

అడిగినవాటికి జవాబులు. పిల్లకి జ్వరం తగ్గింది, మళ్లీ ఇల్లు పీకి పందిరేస్తోంది. నీ అల్లుడు కొత్త పనిలో ఇంకా కుదురుకోలేదు. నీ ఊదారంగు శాలువా నా దగ్గరే ఉంది. అది ఇవ్వను, నాకూ చలేస్తుంది.

ఇక నీ కెమెరాని టీవీకి తగిలించే కేబుల్ సంగతి. "టీవీల షాపులో పనిచేస్తావు, తల్లికి సరైన కేబుల్ ఒక్కటి పంపలేవు. ఈ మూడోదీ దూరలేదు. నీకు అచ్చం మీ నాన్న బుర్రే వచ్చింది" అని రాశావు. చదవగానే ఒళ్లు మండింది.

ఇప్పటి టీవీల్లో దాదాపు అన్నిటికీ హెచ్‌డీఎంఐ అని ఒక చదునైన రంధ్రం ఉంటుంది. బాగా పాతవాటికే పసుపు, ఎరుపు, తెలుపు గుండ్రటివి. నువ్వుంటున్న వృద్ధుల హోమ్‌లో హాలు టీవీకీ, భోజనాల గది టీవీకీ, ఆఫీసులోదానికీ హెచ్‌డీఎంఐ ఉంది. నిన్ను చూడ్డానికి వచ్చినప్పుడు వాటి వెనక్కి తొంగి చూశాను. ఒక కొస నీ కెమెరాకి పట్టేంత చిన్నదిగా, రెండో కొస మామూలుగా ఉన్న హెచ్‌డీఎంఐ కేబుల్ తీసుకుంటే చాలు, మూడింటికీ పనికొస్తుంది. షాపులో రోజూ ఎవరో ఒకరికి ఈ మాటే చెప్పి అమ్ముతాను.

కాబట్టి తెలియక కాదమ్మా. కావాలనే తప్పువి పంపాను.

నువ్వు అక్కడ అందరికీ టీవీలో చూపించాలంటున్న ఆ వీడియో అంటే నీకెంత ఇష్టమో తెలుసు. పక్షవాతంతో మాట పడిపోయిన నాన్నని కుర్చీలో కూర్చోబెట్టి, చుట్టాలందరి ముందూ "ఏవండీ, మీ పేరేంటో చెప్పండి. ఆఁ, ఇంకోసారి!" అన్నావు. ఆయన నాలుక తిరగక ఏదో అంటే ఇల్లంతా విరగబడి నవ్వింది. కెమెరా పట్టుకున్నది నువ్వే. "ఎంత సరదా మనిషో, ఇక్కడి మా టీచరమ్మ చూసి తీరాలి" అంటావు.

నువ్వు దాన్ని ఎప్పుడూ కెమెరాకున్న అగ్గిపెట్టెంత తెరమీదే చూశావు. అందులో నాన్న ముఖం వేలిగోరంత. నవ్వులే వినిపిస్తాయి. నీ కెమెరా నా దగ్గరున్నప్పుడు నేను మా షాపులో గోడంత టీవీకి తగిలించి చూశాను. ఆయన ఏడుస్తున్నాడమ్మా. పనిచేసే ఆ ఒక్క చేత్తో కుర్చీని గట్టిగా పట్టుకున్నాడు. చుట్టాలవైపు చూడనే చూడడు. చాలించమని నీవైపే చూస్తున్నాడు. నువ్వేమో ఇంకోసారి అంటున్నావు.

మీ టీచరమ్మ భర్తకీ మాట పోయింది కదా. ఆయన మూతి తుడుస్తూ, ఆయన నోట రాని మాట కోసం ఆవిడ ఎంతసేపైనా అలా కూర్చునే ఉంటుంది. అక్కడ నీకున్న ఒకే ఒక్క స్నేహితురాలు ఆవిడ. ఆవిడ ముందు నీ పరువు పోకూడదనే ఇన్నాళ్లూ దూరని కేబుళ్లు పంపి, నీ తిట్లు తిన్నాను. నాన్న బుర్ర మాట ఎత్తకపోయుంటే నాలుగోదీ తప్పుదే వచ్చేది.

సరైనది మీ మేనేజరు గారి పేర ముందే పంపించేశాను. ఆదివారం సాయంత్రం అందరూ హాల్లో చేరాక నీ కెమెరా తగిలించమనీ, టీచరమ్మకీ ఆవిడ భర్తకీ ముందు వరుసలో చోటు ఉంచమనీ ఫోన్‌లో చెప్పాను. "మీ అమ్మగారు అందరినీ పేరుపేరునా పిలుస్తున్నారమ్మా" అన్నాడాయన సంబరంగా. సౌండ్ బాగా పెంచమని కూడా చెప్పాను.

ఈ ఉత్తరం మాత్రం ఆదివారం దాటాక అందేలా ఆగి పోస్టు చేస్తున్నాను. అంటే నువ్విది చదివే వేళకి అందరూ చూసేసి ఉంటారు.

ఈసారి ఎవరెవరు నవ్వారో రాయి.

ఇట్లు,
నాన్న బుర్ర వచ్చిన
నీ కూతురు