నీ నోటుపుస్తకంలో నా కరపత్రం

పిన్నీ,

నువ్వు పోయిన మూడు నెలలకు నీ డిగ్రీ పట్టా పోస్టులో వచ్చింది. క్రైస్తవ దృక్పథంలో మనస్తత్వశాస్త్రం అని ఉంది దానిమీద.

నలభై అయిదేళ్ల వయసులో బస్సెక్కి గుంటూరు వెళ్లి, నెట్ సెంటర్లో కూర్చుని చదివావు. "నీకు దేవుని వాక్యం చాలదా? మనసుకి మళ్లీ డిగ్రీ ఒకటా?" అని చర్చి గుమ్మంలో అందరి ముందూ అరిచాను.

"వాక్యం చాలురా. ఎప్పుడు నోరు మూసుకోవాలో తెలీక చదువుతున్నా," అన్నావు.

అప్పటికి వారం క్రితమే, పత్తి పంట పోయి పురుగుమందు తాగి చనిపోయిన ఏసోబు ఇంటికెళ్లి, ఆయన భార్య మరియమ్మ చేతిలో నా కరపత్రం పెట్టొచ్చాను. ఆత్మహత్య చేసుకున్నవాడికి పరలోకం లేదని నేనే రాసి, కింద నా పేరు వేయించుకున్న కరపత్రం.

నువ్వు తరచూ ఆమె ఇంటికి వెళ్లేదానివి కదా, ఇవాళ పట్టా చూపిద్దామని మరియమ్మ దగ్గరకు వెళ్లాను.

"మీ పిన్ని నాకేమీ చెప్పేది కాదయ్యా. పక్కన కూర్చుని నాతోపాటు మిరపకాయల తొడిమలు తీసేది," అంది.

ఇంటికొచ్చి నీ నోటుపుస్తకం తెరిచాను. 'పరామర్శలో అనకూడని మాటలు' అన్న పేజీలో నా కరపత్రం అంటించి ఉంది. నా పేరున్న ముక్క మాత్రం కత్తిరించేశావు.

ఆ ఖాళీలో పెన్నుతో సామ్యేలు అని రాశాను, పిన్నీ.