ఫోన్‌లో నా సంగతి అడిగితే

ఒరేయ్ తమ్ముడూ,

కాచి చల్లార్చిన నీళ్లు ఫ్లాస్కులో ఉన్నాయి, కుళాయి జోలికి వెళ్లకు. భోజనం కాగానే తెల్ల మాత్ర వేసుకో. ఎవరొచ్చినా మాస్కు లేకుండా తలుపు తీయకు.

నాలుగింటికి ఆసుపత్రి నుంచి ఫోనొస్తుంది. నీ కోసం కాదు, నా కోసం. నీకు మూలకణాలిచ్చిన మనిషి ఎలా ఉందో కనుక్కుంటారు. ఫ్యాక్టరీలో ఫోన్ దగ్గరుంచుకోనివ్వరని నీ నంబరిచ్చాను, బుద్ధి తక్కువై. పోయిన నెల "అక్కకేం, గుండ్రాయిలా ఉంది" అన్నావట. మొన్న ఆసుపత్రికి వెళ్తే నర్సే నవ్వుతూ చెప్పింది. నన్నొక్క మాట అడిగి ఏడ్చావా? కణాలు తీసేముందు పొడిచిన ఆ ఐదు రోజుల ఇంజెక్షన్లకి నడుం విరిగిపోతున్నా పళ్ల బిగువున ఊరుకున్నది నువ్వు వినకూడదనిరా, గుండ్రాయినై కాదు.

ఇవాళ ఈ కింద రాసింది రాసినట్టు చదువు. సొంత పైత్యం కలపకు.

నొప్పులు పోయాయి. నీరసం పోలేదు, ఇస్త్రీ బల్ల దగ్గర మధ్యాహ్నానికే కాళ్లు పీకేస్తున్నాయి. తమ్ముడి రక్తపరీక్ష రిపోర్టు వచ్చే రోజు ముద్ద దిగదు. కణాలు తగ్గాయంటే, నేనిచ్చినవే నాసిరకమేమో అనిపిస్తుంది.

ఇది నీ మొహం మీద చెప్పలేక రాస్తున్నాను. చదివాక దీని గురించి మాట్లాడావంటే ఊరుకోను.

అక్క

మర్చిపోయాను. చివర్లో "అవసరమైతే మళ్లీ ఇస్తారా" అని అడుగుతారు. దానికి మాత్రం నన్నడగక్కర్లేదు. తిట్టుకుంటూ ఇస్తుందని చెప్పు.