పడుకొని చదివే పిల్లల పేర

కడప తాలూకాలోని మిషను ఆసుపత్రి పిల్లల వార్డులో పంతులమ్మగా పనిచేసిన, కీర్తిశేషులు ఏసేపు గారి భార్య విశ్వాసమ్మ అను నేను, ప్రభువు మీద భారం వేసి, ఎవరి బలవంతమూ లేకుండా, స్వహస్తంతో వ్రాసుకున్న మరణశాసనం. నా ఊపిరితిత్తులు చెడ్డాయి గాని బుద్ధి చెడలేదు. దగ్గితే రక్తం పడుతోంది కనుక తొందరపడుతున్నాను. అక్షరాలు వంకరపోతే మన్నించాలి.

1. నా స్వార్జితమైన మిద్దె ఇంటిని ఎవరూ అమ్మకూడదు. ఎముకల క్షయతో, ప్లాస్టరు కట్లలో ఏళ్ల తరబడి వెల్లకిలా పడి ఉన్న ఈ వార్డు పిల్లలకు ఎవరు చదువు చెబితే వారు, చెప్పినంత కాలం అందులో ఉండవచ్చు. కులమూ మతమూ అడగవద్దు. దగ్గు వినబడితే పారిపోనివారైతే చాలు. నేను ఈ వార్డు పక్క గదిలో మంచం పట్టినప్పటి నుంచి పాఠాలు ఆగిపోయాయి. గోడ అవతల నుంచి "పంతులమ్మా, రేపన్నా వస్తావా?" అని అరుస్తున్నారు. వాళ్లకు ఏమని చెప్పను? ఎవరైనా రండి.

2. నా పలకలన్నీ వార్డుకే. పలకను దోమతెర కమ్మీకి తాడుతో, పిల్ల ముఖానికి మూరెడు ఎత్తున కట్టాలి. పొడి బలపంతో రాస్తే కళ్లలో రాలుతుంది, నానబెట్టి ఇవ్వాలి. చెయ్యి గుంజకముందే దించమనాలి. పిల్ల చనిపోతే పలకను కూడా పారేస్తున్నారు. వేడినీళ్లలో ఉడికిస్తే చాలని డాక్టరమ్మ చెప్పింది. పారేయకండి.

3. నా తమ్ముడి కొడుకు దావీదురాజు ఆ ఇంట్లో వేరుశనగ మూటలు వేయాలని చూస్తున్నాడు. "పండుకున్నోళ్లకు సదువెందుకత్తా? లేసి కలెక్టర్లయితారా?" అన్నాడు. వాడికి నా గొడుగు ఇస్తున్నాను, ఎండదెబ్బ తగిలి అన్నాడనుకుంటాను. అయినా నా ఒళ్లో పెరిగినవాడు. నా భర్త ఉన్నికోటు కూడా వాడికే. వాడు చలికి ఓర్వలేడు.

4. కల్లూరు నుంచి వచ్చిన ఓబులమ్మ ఎనిమిదో తరగతి పాఠాలన్నీ పడుకొనే ముగించింది. బెంచీ మీద కూర్చోలేని పిల్లకు పరీక్ష లేదని హెడ్మాస్టరు తిమ్మన్న గారు అన్నారు. నా నిఘంటువు, కలం ఆ పిల్లకు. ఈ వీలునామా అమలుపరచవలసిన పాస్టరు జ్ఞానరాజు గారు దాన్ని మంచంతో సహా ఎద్దుల బండిలో ఎక్కించి, పరీక్ష జరిగేచోట దించాలి. మంచం పట్టకపోతే తలుపు ఊడదీయించాలి. ఇది ఆజ్ఞ కాదయ్యగారూ, మీ కాళ్లు పట్టుకొని అడగడం.

5. వార్డు ఆయా గంగక్కకు నా పాడి ఎనుము. మొగుడు పోయిన మనిషి, పిల్లలు గలది. పాలు అమ్ముకొని బతుకుతుంది. నన్ను ఎత్తి కూర్చోబెట్టి ఇది రాయించింది ఆమె రెక్కలే.

ఇక సాక్షుల సంగతి. డాక్టరమ్మా నర్సులూ కలరా సూదులు వేయడానికి పల్లెలకు పోయి ఉన్నారు. వారు వచ్చేదాకా ఆగే ఓపిక నాలో లేదు. పాస్టరు గారు బతిమాలి పిలుచుకొచ్చిన తిమ్మన్న గారు గేటు దగ్గర ఆగి, ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకొని వెనక్కి పోయారు. ఇద్దరు సాక్షులు లేకపోతే ఇది చిత్తుకాగితం, ఇల్లు మూటలపాలు, పిల్లలు గాలిపాలు. మిగిలింది గంగక్క ఒక్కతే. కాని మా క్రైస్తవుల చట్టంలో, సాక్షి సంతకం చేసినవారికి రాసిన ఆస్తి వారికి చెల్లదు. ఎనుము పోతుందని పాస్టరు గారు ఆమెకు విడమరచి చెప్పారు. నేను వద్దని ఏడ్చాను. ఆమె కొంగుకు చేతులు తుడుచుకొని, "పోతే పోనీ అయ్యగారూ, ఏలు యాడ పెట్టాలో సూపియ్యండి" అంది.

1954 ఆగస్టు 19, గురువారం.

(సంతకం) విశ్వాసమ్మ

సాక్షులు:
1. జ్ఞానరాజు, పాస్టరు
2. గంగక్క, ఆయా. ఎడమచేతి బొటనవేలి ముద్ర.