స్ట్రోక్‌కి రెండో అర్థం

వదినగారికి,

మీ చెల్లెలు లేచి కూర్చుంటోంది. ఎడమ చెయ్యే ఇంకా స్వాధీనంలోకి రాలేదు. నోటికి మాత్రం ఏ లోటూ లేదు.

నేను మళ్ళీ నిఘంటువు ఆఫీసుకు వెళ్తున్నాను. ప్రేమగా తాకడాన్ని చెప్పే ఇంగ్లీషు మాటలు నా వంతుకొచ్చాయి. ‘హగ్’ ఓదార్పులోంచి పుట్టిందంటారు. మీ చెల్లెలికి వచ్చిందని డాక్టరు చెప్పిన ‘స్ట్రోక్’ కూడా వాటిలోనే ఉంది. దెబ్బ అన్నా అదే మాట, నిమరడమన్నా అదే. రెండిటి మూలం కూడా ఒకటే.

నిన్న తను కిటికీలోంచి చూస్తుంటే, ఆ ఎడమ చేతిని నా ఒళ్ళో పెట్టుకుని ఇదంతా చెప్పాను.

“అర్థాలు చెప్పింది చాలు గానీ, కాస్త నిమరకూడదూ?” అంది.

అప్పటిదాకా నిమురుతూనే ఉన్నాను, వదినగారూ.

మీరొచ్చినప్పుడు కుడివైపు కూర్చోండి.

మీ మరిది