పెరట్లోకి మళ్లీ వచ్చిన తుమ్మెద

చీపురుపల్లి,
మాఘ బహుళ పంచమి, ఉదయం.

అక్కా,

ఈరోజు నీ మూడో తద్దినం. తోటికోడళ్లుగా మనిద్దరం ముప్పై ఆరేళ్లు ఊడ్చిన పెరట్లోకి తుమ్మెద మళ్లీ వచ్చింది. ఆ సంగతి చెబుదామనే రాస్తున్నాను.

పశువులసాల దూలాన్ని తొలిచేస్తున్నాయని తుమ్మెదల కన్నాలు పదకొండూ నేనే సిమెంటుతో పూడ్చాను. "ఒసే పంతులమ్మా, ఆటికి ఇల్లొద్దేటి? అవి తిరక్కపోతే నా మునగసెట్టుకి కాయెలా నిలుస్తాది?" అన్నావు. నేను వినలేదు. అప్పటినుంచీ చెట్టు నిండా పూత, నేల నిండా రాలిన పూత.

"కాయని సెట్టెందుకమ్మా, కొట్టేద్దుం" అన్నాడు మా పెద్దోడు. ఈ ఒక్క ఏడాది ఆగమన్నాను. తుమ్మెదలు గూడు పెట్టుకుంటాయని చూరుకు ఎండు వెదురు ముక్కలు ఏడు కట్టాను.

ఈ ఉదయం ఒక ముక్క కింద సన్నటి పొట్టు రాలి ఉంది. చీపురు ఎత్తి, దించేశాను. వెదురులోంచి తుమ్మెద రొద వినబడింది. వంటింటి వైపు తిరిగి నిన్ను పిలవబోయాను.

ఇక జరగవలసినవి:

1. పెద్దోడు చెట్టు మీద చెయ్యి వేయకూడదు.
2. గొంగళిపురుగులు పట్టినా, పూతలో మందు కొట్టకూడదు.
3. కన్నాలు పూడ్చడం నా తప్పని ఇంట్లో అందరికీ చెప్పాలి. నీకు చెప్పలేకపోయాను.