మేస్టారి బిస్కెట్లు

జూన్ 3

చూపు లేని మా అక్కకి గైడ్ డాగ్ వచ్చింది. నల్లటిది. తోక కూడా పద్ధతిగా ఊపుతుంది. మేస్టారు అని పేరు పెట్టాను. దాన్ని తెచ్చిన ట్రైనర్ మరీ మరీ చెప్పింది, ఒంటిమీద హార్నెస్ పట్టీ ఉన్నంతసేపూ డ్యూటీలో ఉన్నట్టేనట. ముద్దు చేయకూడదు, తిండి అసలు పెట్టకూడదు. బుద్ధిమంతురాలిలా తలూపాను.

జూన్ 11

ఇన్నేళ్లూ అక్క నా మోచెయ్యి పట్టుకునే ఆఫీసుకెళ్లేది. బస్టాపులో అందరూ ఎంత మంచి చెల్లెలో అనేవాళ్లు. ఇవాళ నేను లేకుండా వెళ్లి, నేను లేకుండా వచ్చి, చెప్పులు విప్పుతూ పాట పాడుకుంది. అమ్మ కళ్లు తుడుచుకుంది. నాకు ఒళ్లు మండింది. కుక్క మీద కుళ్లేమిటే నీకు, సిగ్గు లేదూ!

జూన్ 12, పొద్దున

అక్క తాళం వెతుక్కుంటోంది. మేస్టారు హార్నెస్ వేసుకుని గుమ్మంలో రెడీగా ఉన్నారు. ఒక బిస్కెట్ ఇచ్చాను. చప్పుడు కాకుండా తినేశారు. ఒక్కటేగా.

జూన్ 20

రోజూ ఒక్కటేగా.

జూలై 2

అక్క పడిపోయింది. రోడ్డు దాటుతుంటే ఎవరో పారేసిన బన్ను ముక్క కోసం మేస్టారు పక్కకి లాగారట. స్కూటర్ తగిలింది. మోకాలికి కుట్లు పడ్డాయి. అంత నొప్పిలోనూ మేస్టార్ని ఏమీ అనకండి అంటోంది. నాకు అన్నం సహించలేదు.

జూలై 4

ట్రైనర్ వచ్చింది. మేస్టారికి హార్నెస్ తగిలించి, బిస్కెట్ చూపించింది. చొంగ కార్చుకుంటూ ఎగబడ్డారు. ఎవరు అలవాటు చేశారని అడిగింది. నేనే, అంది అక్క. ముద్దొచ్చి పెట్టానంది. ట్రైనర్ చిన్నపిల్లని తిట్టినట్టు తిట్టింది. మళ్లీ ట్రైనింగ్ ఇచ్చి తెస్తుందట. ఇంకోసారి ఇలా జరిగితే ఇక కుక్క లేనట్టేనట.

ఆవిడ వెళ్లాక అక్క నాతో ఒక్క మాటే అంది. పొద్దున్నే నీ చెయ్యి బిస్కెట్ వాసనేస్తుందే అంది.

జూలై 9

అక్క మళ్లీ నా మోచెయ్యి పట్టుకుంది. కుంటుతోంది. బస్టాపులో ఒకావిడ ఎంత మంచి చెల్లెలో అంది. ఒక్క క్షణం హాయిగా అనిపించింది. ఛీ, నా బతుకు చెడ!

ఇంటికొచ్చి ట్రైనర్‌కి ఫోన్ చేశాను. పెట్టింది నేనని ఏడుస్తూ చెప్పాను. ఏడుపు ఆపమంది. కుక్క డ్యూటీలో ఉండగా నువ్వు దానికి ఏమీ కావు, అది గుర్తుంచుకో చాలు అంది.

ఆగస్టు 6

వీధి మలుపులో అక్కా, ట్రైనింగ్ నుంచి తిరిగొచ్చిన మేస్టారూ ఎదురొచ్చారు. ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. మేస్టారు నా మొహం కూడా చూడలేదు. దారికడ్డంగా ఉన్న స్తంభాన్ని తప్పించినట్టు అక్కని నా పక్కనుంచి తప్పించి తీసుకెళ్లారు.