డిక్కీ మీద గీతలు నావే

క్యారీ, నార్త్ కరోలినా
ఆదివారం

కోటేశు అన్నయ్యకి,

నీ చెల్లెలు రాజేశ్వరి దూరం నుంచే దణ్ణం పెట్టి, కాస్త కోపంగానే రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ మీ బావా బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ వదినా పిల్లలూ ఆరోగ్యంగా ఉన్నారని అనుకుంటున్నాను. నాన్న మోకాళ్ళ నొప్పి తగ్గిందా? తైలం రాయించుకోమను. రాయించుకోకపోతే నేను ఫోన్లో తిడతానని చెప్పు. నా గురించి బెంగ వద్దు, వేళకి తింటున్నాను, నిద్రపోతున్నాను.

వాట్సాప్ ఉండగా ఈ కాగితాలేమిటని నవ్వకు. ఫోన్లో అయితే నువ్వు సగంలోనే "సరేలే, ఉంటా" అని పెట్టేస్తావు. పోయిన ఆదివారం కూడా అదే చేశావు. పెట్టేసే ముందు నువ్వన్న మాట ఇంకా నా చెవిలోనే ఉంది. "ఎవరి పేరుంటే నీకేంటే రాజీ? కూలీ ఇచ్చారుగా. ఆ చుక్కేదో తుడిచేస్తే పోయేది. పరాయి దేశం, తల దించుకుని పని చేసుకో" అన్నావు. నేను తుడవలేదు. తలా దించలేదు. ఎందుకో మొదటినుంచీ రాస్తాను, టీ తాగుతూ తీరిగ్గా చదువు.

ఇక్కడికొచ్చిన కొత్తల్లో నాకు పిచ్చెక్కినంత పనయింది. మా వీధిలో ఇళ్ళున్నాయి, పచ్చిక ఉంది, కార్లున్నాయి, మనుషులే కనబడరు. మీ బావ పొద్దున్నే ఆఫీసుకి వెళ్ళిపోతే గోడలతో మాట్లాడుకునేదాన్ని. డిపెండెంట్ వీసా కాబట్టి వర్క్ పర్మిట్ వచ్చేదాకా పని చేయకూడదు. అలాంటి రోజుల్లో ఒక శనివారం ఆయన నన్ను పాత కార్ల ప్రదర్శనకి తీసుకెళ్ళారు. ఒక మాల్ ముందున్న పార్కింగ్‌లో వందకి పైగా కార్లు, ఒక్కొక్కటి పెళ్ళికూతురిలా తయారై ఉంది. రంగు వాసన తగిలేసరికి నాకు నాన్న లారీలకి రంగులేసే మన షెడ్డు గుర్తొచ్చి ఏడుపొచ్చింది. దాచుకోలేదు, అక్కడే నిలబడి ఏడ్చాను.

హాట్ రాడ్లంటే ఏమిటని ఒకసారి అడిగావు కదా. తాతల నాటి ఫోర్డు కార్లు. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన కుర్రాళ్ళు వాటిని చవగ్గా కొని, టాపు కోసి కిందికి దించి, మడ్‌గార్డులు పీకేసి, పెద్ద ఇంజన్లు బిగించి పందేలు తోలారట. మన ఆటోనగర్లో లారీ చాసిస్ మీద బాడీ కట్టించుకున్నట్టే, ఎవరికి నచ్చినట్టు వాళ్ళు. అప్పటి పెద్దవాళ్ళు వీటిని చూసి ఛీ కొట్టారట. ఇప్పుడు వాటిలో పేరు మోసినవాటిని లైట్ల కింద నిలబెట్టి వేలం వేస్తుంటే, ఆ పెద్దవాళ్ళ మనవలే సూట్లు వేసుకొచ్చి కొంటున్నారు.

ఆరోజు ఒక కారు డిక్కీ మీద సన్నటి గీతలు చూశాను. ఒకచోట గీత వణికింది. "ఇక్కడ చెయ్యి ఆగింది" అని మీ బావతో అన్నాను. ఆయన ఊరుకోక దాన్ని ఇంగ్లీషులో ఆ కారు పక్కన కూర్చున్న పెద్దాయనకి చెప్పారు. ఆ గీతలు వేసింది ఆయనేనట. ఆయన పేరు గ్లెన్, పాత కార్లు బాగుచేసే షెడ్డు ఉంది. ముఖం ఎర్రగా చేసుకుని, "అయితే నువ్వు వెయ్యి" అని ఒక రేకు ముక్కా, ఉడుత వెంట్రుకల కుంచే నా చేతికిచ్చాడు. చిటికెన వేలు రేకుకి ఆనించి, ఊపిరి బిగబట్టి, మోచెయ్యి కాకుండా భుజం కదిపి లాగాను, నాన్న నేర్పినట్టే. గ్లెన్ ఆ రేకుని చాలాసేపు చూశాడు. "మీ దేశంలో హాట్ రాడ్లున్నాయా?" అన్నాడు. "లారీలున్నాయి" అన్నాను.

పర్మిట్ వచ్చిన వారానికి ఆయన షెడ్డులో చేరాను. మా తెలుగువాళ్ళ పుట్టినరోజు ఫంక్షన్లలో ఏం చేస్తుంటావని అడిగితే, కార్లకి గీతలు గీస్తానండీ అంటాను. ఒకావిడ "ఓ, కార్ డిజైనింగా!" అంది. "కాదండీ, కుంచె పట్టుకుని గీస్తాను, చేతికి రంగంటుతుంది" అన్నాను. ఆవిడ మెల్లిగా పులిహోర వైపు జరిగింది. జరగనీ.

ఇక అసలు సంగతి. చలికాలంలో మా షెడ్డుకి ఒక కారు వచ్చింది. పందొమ్మిది వందల ముప్పై రెండు నాటి కూపే, అంటే రెండు తలుపుల కారు, ముదురు మెరూన్ రంగు. హాట్ రాడ్ల తొలి రోజుల్లో పత్రికల అట్టల మీదికెక్కిన కారు. దాని డిక్కీ మీద, డాష్‌బోర్డు మీద అప్పట్లో గొప్ప పేరున్న ఒక పెయింటర్ గీతలు వేశాడు. ఆయన పోయి చాలా కాలమైంది. డాష్‌బోర్డు గీతలు నిలిచాయి గానీ డిక్కీ తలుపు తుప్పు పట్టి పోతే, ఓనర్ కొత్త రేకు వేయించాడు. ఆ గీతలు మళ్ళీ వేయాలి. పాత ఫొటోలు గోడకి అంటించుకుని మూడు వారాలు చేశాను. ఆ పాత పెయింటర్ చెయ్యి ఎక్కడ తేలిందో, ఎక్కడ నొక్కిందో కనిపెట్టి వేశానన్నయ్యా. గొప్పలు చెప్పుకోవడం కాదు. కాదెందుకు, గొప్పలే. నా బతుకులో అంత బాగా ఎప్పుడూ వేయలేదు.

పని ముగించిన రోజు చెయ్యి దానంతట అదే ఒక పని చేసింది. బండి ఎంత అందంగా వచ్చినా, ఆఖరున నాన్న ఏం చేసేవాడు? నంబరు ప్లేటు పక్కన నల్ల రంగుతో చిన్న దిష్టి చుక్క పెట్టేవాడు కదా. నేనూ పెట్టేశాను. ఆవగింజంత. పెట్టిన సంగతి ఇంటికొచ్చి చెయ్యి కడుక్కునేటప్పుడు గానీ తెలియలేదు. తెలిసి నవ్వుకున్నాను.

తర్వాతి వారం ఓనర్ ఆ కారుని వేలానికి పెడుతున్నానని చెప్పి, వేలం కంపెనీ పుస్తకం తెచ్చి గర్వంగా చూపించాడు. అందులో ఆ కారు గురించి రెండు పేజీలు. డిక్కీ మీద గీతలు ఆ పాత పెయింటర్ స్వహస్తాలతో వేసినవనీ, ఇన్నేళ్ళుగా ఎవరూ ముట్టుకోలేదనీ రాసి ఉంది. నేను గ్లెన్ వైపు చూశాను. ఆయన రెంచీలు సర్దుకుంటున్నాడు.

మర్నాడు ఉదయం వేలం కంపెనీ తరఫున ఒక తనిఖీ మనిషి వచ్చాడు. టార్చీ వేసి, భూతద్దం పెట్టి, పాత ఫొటోలు పక్కన పెట్టుకుని అంగుళం అంగుళం చూశాడు. గీతల్లో ఒక్క తేడా దొరకలేదు. అది రాస్తుంటే ఇప్పటికీ నాకు సంతోషంగా ఉంది. చివరికి చుక్క దగ్గర ఆగాడు. "ఇది ఏ ఫొటోలోనూ లేదే?" అన్నాడు. ఓనర్ వెంటనే, "తుడిచేటప్పుడు పడిన మరక. ఈవిడ క్లీన్ చేస్తుంది" అని నా చేతికి గుడ్డ ఇచ్చాడు. నన్ను క్లీనింగ్ మనిషిని చేశాడన్నయ్యా, నా గీతల ముందే.

గుడ్డ బల్ల మీద పెట్టాను. "ఇది మరక కాదు. నేను పెట్టాను. పని పూర్తయ్యాక మా ఇంట్లో ఇలా పెడతాం. ఈ డిక్కీ మీద గీతలన్నీ నేనే వేశాను" అన్నాను. నా ఇంగ్లీషు ఎంతో నీకు తెలుసు, అయినా ప్రతి మాటా అర్థమైంది వాళ్ళకి. ఓనర్ నన్ను పక్కకి పిలిచి మెల్లిగా, "నీ వీసా కాగితాలవీ ఉంటాయి కదా, ఇలాంటి గొడవలు నీకు మంచివి కావు" అన్నాడు. భయమేసింది, అబద్ధమెందుకు. కానీ నోరు ఆగలేదు. "నా కాగితాలు నీ చేతిలో లేవు. నా కుంచె కూడా లేదు" అన్నాను. గ్లెన్ ఒక్క మాట మాట్లాడలేదు. తనిఖీ మనిషి అంతా రాసుకుని వెళ్ళిపోయాడు.

ఆ వారమే గ్లెన్ నన్ను రావద్దన్నాడు. ఆ ఓనర్‌వి ఇంకా మూడు కార్లు షెడ్డులో ఉన్నాయట, నన్ను ఉంచితే తీసుకుపోతానన్నాడట. నా కుంచెలు తెచ్చుకోవడానికి వెళ్తే ఆయన నా ముఖం చూడలేకపోయాడు. "నేను మాట్లాడాల్సింది, రాజీ" అన్నాడు. "అవును, మాట్లాడాల్సింది" అన్నాను. కనికరించి "పర్లేదులెండి" అనబుద్ధి కాలేదు. మీ బావ ముందు భయపడ్డారు. "ఎందుకొచ్చిన గొడవ రాజీ, అసలే రోజులు బాగాలేవు, గ్రీన్ కార్డ్ ప్రాసెస్‌లో ఉంది" అన్నారు. మూడో రోజు ఆయనే వేలానికి రెండు టికెట్లు బుక్ చేశారు. అదే ఆయన క్షమాపణ.

ఇక్కడ ఇప్పుడు పైన్ చెట్ల పుప్పొడి కాలం. వీధంతా, కార్ల మీదంతా పసుపు చల్లినట్టుంది, తుమ్ములే తుమ్ములు. తుమ్ముకుంటూనే రెండు గంటలు డ్రైవ్ చేసి వెళ్ళాం. ఆకుపచ్చ చీర కట్టుకున్నాను. నువ్వు నా పెళ్ళికి పెట్టిందే. అంత పెద్ద హాల్లో ఇంకొక చీర లేదు.

కార్లు ఒక్కొక్కటీ వేదిక మీదికొస్తాయి. వేలం పాట నడిపే పాటగాడు ఊపిరి తీసుకోకుండా ధరలు చదువుతుంటాడు. జనంలో నిలబడ్డ కంపెనీ మనుషులు ఎవరు చెయ్యెత్తితే వాళ్ళని చూపించి అరుస్తారు. మధ్యాహ్నం మా కూపే వచ్చింది. పాటగాడు దాని చరిత్ర అంతా చెప్పి, చివర ఒక సవరణ చదివాడు: డిక్కీ మీద గీతలు పాతవి కావు, ఈమధ్య షెడ్డులో పేరు తెలియని పనివాళ్ళు వేసినవి.

పేరు తెలియని పనివాళ్ళు! నేను లేచి నిలబడి చెయ్యెత్తాను.

ఆ హాల్లో చెయ్యెత్తితే అర్థమేమిటో నాకు ఆ క్షణం గుర్తు లేదు. దగ్గర్లో నిలబడ్డ కంపెనీ మనిషి నన్ను చూపించి గట్టిగా అరిచాడు. పాటగాడు ధర ఒక మెట్టు పెంచేశాడు. మీ బావ బెదిరిపోయి, "దించు రాజీ, దించు, కొనేస్తున్నావు!" అని నా చెయ్యి లాగుతున్నారు. ఆ మనిషి పరుగున వచ్చి నా మెడలో కొనేవాళ్ళ బ్యాడ్జి కోసం వెతికాడు. "నేను కొనడానికి ఎత్తలేదు. ఆ గీతలు వేసింది నేను. నా పేరు రాజేశ్వరి" అన్నాను. అతను వేదిక మీదికెళ్ళి పాటగాడి చెవిలో చెప్పాడు. చుట్టుపక్కల వాళ్ళు నవ్వుతున్నారు. కారు ఓనర్ నన్ను చూశాడు. నేను చెయ్యి దించలేదన్నయ్యా. భుజం పీకుతున్నా దించలేదు. పాటగాడు ధర వెనక్కి తగ్గించి, మైకులో నా పేరు చెప్పాడు. తప్పుగా పలికాడు. మళ్ళీ చెప్పమన్నట్టు చూశాను, మళ్ళీ చెప్పాడు. అప్పుడు కూర్చున్నాను.

ఓనర్ ఆశించినంత ధర కారుకి పలకలేదట. నా గీతల వల్లే తగ్గిందట. తగ్గనీ. బయటికొస్తుంటే ఇద్దరు నా నంబరు అడిగి తీసుకున్నారు. అందులో ఒకాయన మొన్న తన పాత పికప్ తెచ్చి మా గరాజ్‌లో పెట్టి వెళ్ళాడు. కాబట్టి పని ఉంది, దిగులుపడకు. డబ్బుకి ఇబ్బంది లేదు. ఎవరైనా వస్తుంటే గవర్నరుపేటలో ఆ పాత కొట్లో దొరికే సన్న కుంచెలు అరడజను, వదిన పెట్టిన గోంగూర పచ్చడి ఒక సీసా పంపు.

ఇప్పుడు నీ మాటకి జవాబు. ఎవరి పేరుంటే నీకేంటే అన్నావు. అలాంటి మాటే ఆ ఓనర్ అన్నప్పుడు కోపం వచ్చింది. నువ్వన్నప్పుడు నొప్పి పుట్టింది. ఎందుకో నీకూ తెలుసు. ఆడపిల్ల గీసిందంటే లారీ ఓనర్లు ఒప్పుకోరని నాన్న మధ్యాహ్నాలు షెడ్డు తలుపు వేసి నా చేత గీయించేవాడు. సాయంత్రం నువ్వొచ్చి కింద "పెయింటర్ కోటేశు, ఆటోనగర్" అని రాసేవాడివి. ఆ బళ్ళు కలకత్తా దాకా నీ పేరుతో తిరిగాయి. పదమూడేళ్ళప్పుడు నాకదే గొప్పగా ఉండేది, మా అన్నయ్య పేరు కదా అని. ఆ తర్వాత గొప్పగా లేదు, అయినా నోరెత్తలేదు. నువ్వంటే నాకు ప్రాణం, ఇప్పుడూ అంతే. కానీ ఎక్కడో దూరాన, ముక్కూముఖం తెలియని మనిషి మీద తిరగబడి, మన షెడ్డులో జరిగినదాని మీద ఊరుకుంటే నేను చేసింది నాటకమవుతుంది.

నాన్న బళ్ళ ఫొటోలు అంటించి పెట్టిన ఆల్బం నీ బీరువాలోనే ఉంది. ప్రతి ఫొటో కింద నీ పేరుంది. అది తియ్యి. నాన్న పక్కన కూర్చో. ఈ ఉత్తరం ఆయనకి మొత్తం చదివి వినిపించి, పెన్ను పట్టుకుని, నావి కానివి వదిలేసి, నావి అయినవాటి కింద నీ పేరు కొట్టేసి నా పేరు రాయి. ఏవి నావో నేను చెప్పను. నీకు తెలుసు.

నాన్నకి నా పాదాభివందనాలు, వదినకి నమస్కారాలు, పిల్లలకి ముద్దులు. నీ ఆశీస్సులు ఎప్పటిలాగే కావాలి, ఈసారి కాస్త ధైర్యంగా ఇవ్వు.

నీ చెల్లెలు,
పెయింటర్ రాజేశ్వరి